ఐరన్‌కీ మన ఇనుముకీ చుట్టరికం ఉందా? కెల్టిక్ దాకా దారి గట్టిదే, తగువంతా దాని వెనకాలే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంగ్లీషు ఐరన్ అనే మాట తమిళ ఇరుంబు, తెలుగు ఇనుము నుంచే వెళ్ళిందని ఒక వీడియోలో విన్నారు, ఇంకోచోట సంస్కృతం అయస్ నుంచి వచ్చిందని చదివారు, తీరా డిక్షనరీ తీస్తే రెండూ కాకుండా కెల్టిక్ భాషల నుంచి వచ్చింది, అంతకుముందు సంగతి అనిశ్చితం అని ఉంది, ఏది నమ్మాలి అని. చారిత్రక భాషాశాస్త్రం నాకు చదువూ అదే, ఉద్యోగమూ అదే, పైగా ఈ ఒక్క మాట మీద చాలా కాలంగా మనసు పెట్టుకుని ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. డిక్షనరీ చెప్పిందే కరెక్టు అండీ. కాకపోతే "అనిశ్చితం" అన్న ఒక్క ముక్క వెనకాల నూరేళ్ళకు పైబడిన వాదన ఉంది, అది చెప్పకుండా వదిలేస్తే మీ ప్రశ్నకి న్యాయం జరగదు.

ముందు ఇరుంబు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది తేలిగ్గా తేలుతుంది. ఐరన్, ఇరుంబు పక్కపక్కన పెడితే ఇ, ర కలిశాయి కదా అనిపిస్తుంది, నిజమే, కానీ మనం పోల్చాల్సింది ఇవాళ్టి రూపాల్ని కాదు, దొరికినంతలో పాత రూపాల్ని. పాత ఇంగ్లీషులో ఇది ఈసెర్న్, ఈసెన్, ఈరెన్ అని మూడు రకాలుగా కనిపిస్తుంది. జర్మన్‌లో ఇప్పటికీ ఐజెన్, డచ్‌లో ఐజెర్, అంటే మధ్యలో స జాతి శబ్దం ఇంకా బతికే ఉంది. వీటన్నిటికన్నా ముందుది గోథిక్, అంటే గోథులనే పాత జర్మానిక్ జాతి భాష. 4వ శతాబ్దంలో వుల్ఫిలా బిషప్ బైబిల్‌ని గోథిక్‌లోకి తెచ్చాడు, అందులో మార్కు సువార్త 5వ అధ్యాయంలో దయ్యం పట్టిన మనిషిని సంకెళ్ళతో కట్టేసే చోట ఈ మాట వస్తుంది, కాళ్ళకి వంచి బిగించిన ఇనుములు అని, అక్కడ రూపం ఈసర్న్. అంటే వెనక్కి వెళ్ళేకొద్దీ స స్పష్టంగా కనిపిస్తోంది, ఇరుంబుతో పోలిక చెదిరిపోతోంది. పోలిక కనిపించేది ఇంగ్లీషులో స లేని రూపం ఒక్కటే మిగిలాక మాత్రమే, అది కాకతాళీయం. ఇరుంబులో ఉన్న ంబు ముక్కకి అటువైపు ఎక్కడా జాడ లేదు. పైగా మాట మన దగ్గర్నుంచి బయల్దేరి యూరప్ చేరిందంటే దారిలో ఎక్కడో దాని ఆనవాలు ఉండాలి కదా, పర్షియన్‌లో ఇనుము ఆహన్, గ్రీకులో సిదేరోస్, లాటిన్‌లో ఫెర్రుమ్, ఒక్కటీ దగ్గరికి కూడా రాదు. మన ప్రాంతంలో ఇనుప పని చాలా పాతది, గొప్పది, దానికి ఈ చుట్టరికం అక్కర్లేదు.

ఇక కెల్టిక్. ఒకప్పుడు స్పెయిన్ నుంచి ఇప్పటి టర్కీ మధ్య భాగం దాకా మాట్లాడిన భాషల కుటుంబం ఇది, ఇప్పుడు ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ లాంటి అంచుల్లో మిగిలింది. పాత ఐరిష్‌లో ఇనుము ఈఅర్న్, వెల్ష్‌లో హాయర్న్, బ్రెటన్‌లో హువార్న్, కార్నిష్‌లో హోర్న్. వీటన్నిటికీ తల్లి రూపం ఈసర్నోమ్ అని కడతారు. ఇలా కట్టిన రూపం ఎక్కడా రాసి దొరకదు కాబట్టి పుస్తకాల్లో దాని ముందు నక్షత్రం గుర్తు పెడతారు, ఇక్కడ టైపింగ్‌లో గందరగోళం కాకుండా నేను వదిలేస్తున్నాను, కట్టిన రూపం అని మీరే గుర్తుంచుకోండి. మరి ఐరిష్, వెల్ష్ రెండిట్లోనూ స లేదు, తల్లి రూపంలో ఎలా పెట్టారు అంటారేమో. ఈ భాషల్లో రెండు అచ్చుల మధ్య స ముందు హ అయి ఆ తర్వాత మాయమైంది, ఇది ఒక్క మాటకి చెప్పే సాకు కాదు, వందల మాటల్లో కనపడే రూలు. సింధు ఇరాన్ వాళ్ళ నోట్లో హిందు అయినట్టే మొదటి మెట్టు. వెల్ష్ హాయర్న్‌లో మొదట్లో ఉన్న హ ఉంది చూశారూ, అది ఆ పాత స అవశేషమే, మధ్యలోంచి ముందుకి జరిగింది. 1081లో యుద్ధంలో చనిపోయిన వేల్స్ రాజు ఒకాయన పేరు త్రహాయర్న్, ఆ పేరులో కూడా ఈ ఇనుమే ఉంది.

స ఉందనడానికి ఇంకా గట్టి సాక్ష్యం ఫ్రాన్స్‌లో ఉంది, నాకు ఈ మొత్తం కథలో బాగా ఇష్టమైన భాగం ఇదే. జూరా కొండల దగ్గర ఎన్ జిల్లాలో ఇజెర్నోర్ అనే ఊరు, రోమన్ల కాలపు గుడి శిథిలం, మూడు స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. కోండా మఠానికి అధిపతిగా ఉన్న యూజెండుస్ అనే సన్యాసి పుట్టింది అక్కడే. ఆయన పోయాక 6వ శతాబ్దం మొదట్లో రాసిన లాటిన్ జీవితచరిత్రలో ఈ ఊరి పేరు గురించి ఒక వాక్యం ఉంది: అక్కడ ఉన్న గుడి బాగా పేరున్నది, దాని తలుపుల బందోబస్తు మహా గట్టిది, అందుకని పాత అన్యమతస్తులు గాలిష్ (ఫ్రాన్స్ ప్రాంతంలో ఒకప్పుడు మాట్లాడిన కెల్టిక్) భాషలో ఆ ఊరికి ఇసర్నోదోరి, అంటే ఇనుప తలుపు, అని పేరు పెట్టారు అని. ఆలోచించండి, గాలిష్ అప్పటికి చచ్చిపోతున్న భాషో చచ్చిపోయిన భాషో, ఆ సమయంలో ఒక మాటని అర్థంతో సహా రాసి పెట్టారు. పేరులో రెండో సగం తలుపేనా, లేక ఇలాంటి చాలా ఊరి పేర్ల చివర వచ్చే కోట అనే అర్థమున్న దూరోనా అన్నది వేరే తగువు, నేనైతే కోట వైపే ఉంటాను. కానీ మొదటి సగం ఇనుము అనడంలో ఎవరికీ పేచీ లేదు, స కూడా దాని చోట్లో అది ఉంది.

ఇప్పుడు జర్మానిక్ వాళ్ళు (ఇంగ్లీషు, జర్మన్, గోథిక్ అన్నీ ఆ కుటుంబమే) దీన్ని కెల్టుల దగ్గర తీసుకున్నారా, లేక రెండు కుటుంబాలకీ వేరే ఎవరో ఇచ్చారా? తీసుకున్నారనే చాలామంది అభిప్రాయం, నాదీ అదే. ఎందుకంటే ఇది ఒంటరిగా వెళ్ళిన మాట కాదు. రాజు అనే మాట చూడండి: సంస్కృతంలో రాజ్-, లాటిన్‌లో రేక్స్, కెల్టిక్‌లో రీగ్-, సీజర్‌తో పోరాడిన గాలిష్ నాయకుడు వెర్సింజెటోరిక్స్ పేరు చివర ఉన్న రిక్స్ అదే. పాత దీర్ఘ ఏ-కారం ఈ అవ్వడం కెల్టిక్ ముద్ర, జర్మానిక్ తనంతట తను ఆ పని చేయదు, అయినా గోథిక్‌లో రాజు, దొర అనడానికి రీక్స్ అని ఉంది, కాబట్టి కెల్టుల దగ్గర్నుంచే వెళ్ళింది. అలాగే గాలిష్ అంబక్తోస్, దొర కింద పనిచేసే మనిషి, సీజర్ కూడా వాడాడు, జర్మన్‌లో ఆఫీసు, పదవి అనే అర్థంలో ఇవాళ్టి ఆమ్ట్ దాని సంతానం. రాజ్యం, కొలువు, ఇనుము, ఈ వరస చూస్తే అప్పట్లో ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో అర్థమవుతుంది. ఎప్పుడు తీసుకున్నారో మాత్రం ఈ మాట చెప్పదు. రీగ్-లో గ కాస్తా జర్మానిక్‌లో క అయింది, అంటే గ లాంటివి క లాంటివిగా వరసగా మారిన జర్మానిక్ హల్లుల మార్పు ముగియకముందే చేరిందని లెక్క కట్టొచ్చు, ఈసర్న్‌లో అలా మారే హల్లు ఒక్కటీ లేదు.

ఇక్కడిదాకా దారి గట్టిది. దీని వెనక ఈసర్నోమ్ ఎక్కడ పుట్టింది అన్నదే తగువు.

మీరు చదివిన అయస్ ముందు చూద్దాం. అయస్ నిజంగా ఇండో-యూరోపియన్ (సంస్కృతం, గ్రీకు, లాటిన్, కెల్టిక్, జర్మానిక్ అన్నీ చేరే పెద్ద కుటుంబం) మాటే, లాటిన్‌లో ఐస్, గోథిక్‌లో ఐజ్, రెండింటికీ రాగి, కంచు అని అర్థం, మన అయస్కాంతంలో ఉన్నది కూడా ఇదే. పాత పండితులు కొందరు ఈసర్నోమ్‌ని దీనికే కట్టాలని చూశారు. అర్థం హాయిగా కుదురుతుంది, శబ్దం కుదరదు. ఇందులో ఉన్నది అయ్ అనే శబ్దం, అది కెల్టిక్‌లో అయ్ లాగే నిలబడుతుంది, ఈ అవ్వదు. జర్మన్ ఐజెన్‌లో ఐ ఉంది కదా అని మోసపోకండి, అది పాత ఈ నుంచి చాలా తర్వాత వచ్చిన ఐ, ఇంగ్లీషు ఐరన్‌లో ఐ కూడా అంతే. కాబట్టి అయస్ అవుట్.

రెండోది ఎక్కువ పుస్తకాల్లో కనపడేది. గ్రీకులో హియెరోస్ అంటే పవిత్రమైన, హైరోగ్లిఫ్ అనే మాటలో ఉన్నది ఇదే. దానికి జోడీగా సంస్కృతంలో ఇషిర, ఋగ్వేదంలో చురుకైన, బలమైన అనే అర్థాల్లో వస్తుంది. కంచుతో పోలిస్తే గట్టి లోహం కాబట్టి బలమైనది అని పేరు పెట్టారు, లేదా పవిత్రమైనది అని పెట్టారు అంటారు. వినడానికి బాగుంది, అందుకే ఇంత ప్రచారం వచ్చింది. చిక్కల్లా ఏంటంటే ఇషిరలో ఇ హ్రస్వం, ఈసర్నోమ్‌లో ఈ దీర్ఘం. దీర్ఘమని ఎలా తెలుసంటే ఇప్పుడే చెప్పిన జర్మన్, ఇంగ్లీషు ఐ-లే సాక్ష్యం, హ్రస్వమైతే అవి ఐ అయ్యేవి కావు. మరి దీర్ఘం ఎక్కడిది? మూలాన్ని ఎయ్స్- అని పెంచి చూద్దామా అంటే కెల్టిక్‌లో ఎయ్ అనేది ఏ అవుతుంది, దేవుడు అనే మాట గాలిష్‌లో దేవో- అయినట్టు, మరి గాలిష్‌లో ఊరి పేరు ఇసర్నో- అని ఇ-తో ఉంది. అంటే అటు తిప్పినా ఇటు తిప్పినా కుదరట్లేదు. అసాధ్యం అనను, కానీ దీర్ఘానికి సమాధానం చెప్పని వివరణని నేను మొదటి స్థానంలో పెట్టలేను.

మూడోది ఇల్లీరియన్ థియరీ. కెల్టుల ఇనుప యుగం మొదటి దశకి పేరు ఇచ్చింది ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్, ఆల్ప్స్ తూర్పు వైపు, కాబట్టి మాట కూడా ఆ తూర్పున, బాల్కన్ పశ్చిమ భాగంలో ఉన్న ఇల్లీరియన్ల దగ్గర్నుంచి వచ్చి ఉంటుందని. యూలియుస్ పోకోర్నీ లాంటి పెద్ద భాషాశాస్త్రవేత్త ఈ వైపు ఉన్నాడు. ఆయన పనిమీద నాకు చాలా గౌరవం ఉంది, ఇది మాత్రం ఒప్పుకోలేను. ఇల్లీరియన్‌లో మనకి దొరికింది మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, నాలుగైదు మాటలు, అంతే. ఇనుముని వాళ్ళేమనేవాళ్ళో ఎక్కడా లేదు. 20వ శతాబ్దం మొదటి సగంలో యూరప్‌లో అర్థంకాని ప్రతి పేరునీ ఇల్లీరియన్ ఖాతాలో వేసే అలవాటు ఒకటి నడిచింది, ఇది దాని మిగులు. ఏదో గుర్తు తెలీని పాత భాష నుంచి వచ్చి ఉంటుందనే మాట కూడా ఇలాంటిదే, లోహాల పేర్లు చేతులు మారుతుంటాయి కాబట్టి అవకాశం ఉంది, కానీ ఆ భాషేదో చూపించనిదే దాన్ని పరీక్షించడం కుదరదు.

ఇక నాలుగోది, నాకు బలంగా అనిపించేది. యేల్ యూనివర్సిటీలో పనిచేసిన వారెన్ కౌగిల్ చెప్పింది. ఈ మాట మూలం రక్తం అని. ఇండో-యూరోపియన్‌లో రక్తానికి చాలా పాత మాట ఒకటుంది: హిట్టైట్‌లో (ఇప్పటి టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష) ఎస్ఖర్, సంస్కృతంలో అసృక్, గ్రీకు కవిత్వంలో ఎఅర్, పాత లాటిన్‌లో అసెర్. కెల్టిక్‌కి వచ్చేసరికి ఎసర్ అవ్వాలి, హిట్టైట్‌లో ఖ లాగా మిగిలిన ఆ గొంతు శబ్దం హల్లుల మధ్య పడితే కెల్టిక్‌లో అ అవుతుంది, అంటే ఈసర్నోమ్‌లో సర్ అనేది ఎలా వచ్చిందో దానంతట అదే తేలిపోయింది. మిగిలింది మొదటి దీర్ఘం. ఇక్కడ మన వ్యాకరణం తెలిసినవాళ్ళకి సుఖం ఎక్కువ: శివుడికి సంబంధించింది శైవం, పుత్రుడి కొడుకు పౌత్రుడు, మొదటి అచ్చుని పెంచి "దానికి సంబంధించిన" అనే అర్థం తెస్తాం, అదే వృద్ధి. అలాగే ఎసర్ నుంచి ఏసర్-నో, రక్తానికి సంబంధించింది, రక్తపు రంగుది. ఆ తర్వాత రాజు మాటలో చూసిన రూలే, ఏ కాస్తా ఈ అవుతుంది: ఈసర్నో. ఒక్క అక్షరం కూడా బలవంతంగా లాగలేదు చూడండి. ఇంకో లాభం, ఇదే నిజమైతే ఆ దీర్ఘ ఈ-కారం కెల్టిక్ ముద్రే అవుతుంది, అంటే జర్మానిక్ వాళ్ళు కెల్టుల దగ్గరే తీసుకున్నారనడానికి అదొక్కటే చాలు.

అర్థం సంగతేంటి, ఇనుముకీ రక్తానికీ ఏంటి సంబంధం అని మొదటిసారి విన్న ప్రతివాళ్ళూ అడుగుతారు. తుప్పు రంగు ఒకటి, ఇనుప ఖనిజం రంగు ఇంకొకటి, హెమటైట్ అనే ఖనిజం పేరు గ్రీకులో రక్తం అనే మాట నుంచే పుట్టింది. కానీ నాకు అంతకన్నా నచ్చే పోలిక మన దగ్గరే ఉంది. లోహం అనే మాట మొదట్లో ఎరుపు అని, ఎర్ర లోహం, రాగి అని అర్థం ఇచ్చేది, తర్వాత ఇనుమైంది, హిందీలో లోహా అంటే ఇప్పటికీ ఇనుమే, తెలుగులో ఇంకా విస్తరించి ఏ లోహానికైనా పేరైంది. దాని అన్న లోహితం, ఎరుపూ అదే, రక్తమూ అదే. అథర్వవేదం 11వ కాండలో అన్నాన్ని స్తుతించే సూక్తం ఒకటుంది, అందులో ఆ అన్నపు శరీరాన్ని వర్ణిస్తూ "శ్యామమయోఽస్య మాంసాని లోహితమస్య లోహితమ్" అంటాడు. నల్ల లోహం దీని మాంసం, ఎర్ర లోహం దీని రక్తం. నల్ల అయస్సు అంటే ఇనుము, ఎర్రది రాగి, ఆ ఎర్ర లోహానికీ రక్తానికీ ఒకే మాట పక్కపక్కనే. ఎరుపు, రక్తం, లోహం ఈ మూడూ ఒక మాటలో కలవడం ఇండో-యూరోపియన్ ఇంట్లోనే జరిగిన పని అనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

అయితే ఇదే పోలికలో ఎదురు వాదన కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి గెలవకూడదు. వేదంలో ఎర్రది రాగి, ఇనుము నల్లది. కన్నడంలో కబ్బిణ కూడా నల్లటి లోహమనే అర్థంలోంచి వచ్చిందే. ఇనుముని చూసి ఎరుపు గుర్తొచ్చిందంటే ఒప్పుకోవడం కష్టమే. పోనీ లోహంలాగే ఈసర్నో కూడా ముందు రాగి అయి తర్వాత ఇనుమైందా అంటే, కెల్టిక్‌లో రాగికీ కంచుకీ వేరే మాట ముందే ఉంది, పాత ఐరిష్‌లో ఉమే, వెల్ష్‌లో ఎవిద్. ఇంకో బలహీనత, రక్తం అనే అర్థంలో ఎసర్ కెల్టిక్‌లో ఎక్కడా మిగల్లేదు, ఐరిష్ వాళ్ళు ఫుయిల్, క్రూ అంటారు, వెల్ష్ వాళ్ళు గ్వైద్. వృద్ధి కూడా సంస్కృతంలో ఉన్నంత విరివిగా కెల్టిక్‌లో లేదు. కాబట్టి దీన్ని నేను "తేలింది" అనను, "మిగతావాటికన్నా తక్కువ చిక్కులున్నది" అంటాను. శబ్దాల లెక్క పూర్తిగా సరిపోయి అర్థం కొంచెం సాగదీయాల్సిన వివరణకీ, అర్థం అందంగా ఉండి శబ్దం కుదరని వివరణకీ మధ్య ఎంచుకోమంటే నేను మొదటిదే తీసుకుంటాను, ఎందుకంటే అర్థాలు ఎటైనా మళ్ళుతాయి, శబ్దాల మార్పులు మాత్రం రూలు ప్రకారం నడుస్తాయి.

కాలం లెక్క కూడా చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. మధ్య యూరప్‌లో ఇనుము బాగా వాడకంలోకి వచ్చింది సుమారు క్రీ.పూ. 800 ప్రాంతంలో. మరి ఈ మాట ఐరిష్‌లోనూ ఉంది, వెల్ష్, బ్రెటన్‌లోనూ ఉంది, గాలిష్‌లోనూ ఉంది. ఈ కొమ్మలన్నీ ఒకే భాషగా ఉన్న కాలాన్ని అంతకన్నా ముందు పెట్టేవాళ్ళు చాలామంది. అలాంటప్పుడు ఇంకా అందరికీ తెలియని లోహానికి తల్లి భాషలోనే పేరెలా ఉంది? మూడు దారులున్నాయి: కెల్టులు విడిపోయింది మనమనుకున్న దానికన్నా ఆలస్యంగా కావచ్చు, లేదా విడిపోయాక కూడా పక్కపక్కనే ఉండి ఒకరి నుంచి ఒకరు అందుకుని ఉండొచ్చు, లేదా మాట ఇనుముకన్నా పాతది అయి ఉండొచ్చు, ఎర్రటిది అనే విశేషణంగా ముందే ఉండి, ఎర్ర మట్టికో ఖనిజానికో వాడి, ఆ ఖనిజం నుంచి తీసిన లోహానికి తర్వాత అంటుకుని ఉండొచ్చు. నాకు మూడో దారి మీద మొగ్గు. పైన చెప్పిన నల్ల ఇనుము అభ్యంతరం కూడా దీంతో సగం తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు పేరు వచ్చింది లోహం రంగు చూసి కాదు, మట్టి రంగు చూసి. ఇది నా ఊహ, ఊహగానే తీసుకోండి.

స్వీడిష్‌లో యేర్న్, దాని పూర్వ భాష పాత నార్స్‌లో యార్న్ ఉంది కదా, అందులో స ఏమైందని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. పాత నార్స్‌లోనే ఈసర్న్ అని స ఉన్న రూపం కూడా ఉంది. యార్న్ అనేది స పోగొట్టుకున్నాక ఐరిష్ నుంచి రెండోసారి వచ్చిన మాట అని కొందరు, కాదు లోపలే మారిందని కొందరు. పాత ఇంగ్లీషు ఈరెన్‌లో స లేకపోవడం మీద కూడా ఇలాంటి చర్చే ఉంది. ఏదైనా ఈసర్నోమ్ పుట్టుకకి దీనివల్ల తేడా రాదు.

ఈ తగువు తేలాలంటే ఏం దొరకాలి అని కూడా అడిగారు కాబట్టి చెప్తాను. గాలిష్ శాసనాలు ఇప్పటికీ కొత్తవి బయటపడుతూనే ఉన్నాయి, సీసపు రేకుల మీద, కుండ పెంకుల మీద. వాటిలో ఎసర్- అనే ముక్క రక్తం అనే అర్థంలో ఒక్కచోట కనిపించినా కౌగిల్ వాదనకి పెద్ద లోటు తీరిపోతుంది. అలా కాకుండా ఇ హ్రస్వమే అని రుజువయ్యే పాత రూపం ఏ కెల్టిక్ భాషలోనైనా దొరికితే, నేను రక్తాన్ని వదిలేసి ఇషిర వైపు వెళ్తాను.